నాటి వంతు
విజయవాడ ఆటోనగర్‌లో చేసిన స్మారకోపన్యాసము



ఎవరి స్మృత్యర్థము ఈ ఉపన్యాసము ఏర్పాటైనదో ఆ పెద్దమనిషి పేరు ఆహ్వానపత్రికలో అచ్చు కాలేదు. నా నోటినుండియు వెలువడదు. నలువది యేండ్లు లేతు మిషను ముందు నిలిచి, షెడ్డు ముఖమున తన పేర బోర్డైనను వ్రాయింపక, "మేస్త్రిగారు" అను పిలుపుతోనే తృప్తులై వెళ్లిన ఆయన విషయమున ఆ మౌనమునే ఇకముందును పాటింపవలెనని కుటుంబమువారు కోరినారు. కావున నేనును మేస్త్రిగారనియే వ్యవహరించెదను. ఆయన బోధకులు కారు, పండితులు కారు. ప్రతి ఉదయము మిషనుకు కరెంటు ఇచ్చుటకు ముందు ఒక పావుగంట, ప్రతి సాయంకాలము షట్టరు దింపుటకు ముందు ఒక పావుగంట, ఆ దినమునకు వచ్చిన గ్రంథభాగమును పైకి చదివెడివారు. వినువారు ఉండిన విందురు. లేనినాడు లేతు వినును.

ఆయన వదలిపోయిన ఆస్తిలో నాకు చూపబడినది ఆ ఒక్క పుస్తకమే. అట్ట ఎన్నడో ఊడిపోగా, లారీ సీట్లకు వేయు రెగ్జిను ముక్కతో ఆయనయే మరల కుట్టుకొనిరి. సాధారణముగ ఏ యింటి బైబిలునైనను వీపుమీద నిలిపి చేతులు వదలినచో యజమానికి ప్రియమైన పుటయొద్ద అది తనంతట తాను తెరచుకొనును. ఒకరి పుస్తకము 23వ కీర్తనయొద్ద, మరియొకరిది కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని ప్రేమాధ్యాయమునొద్ద. మేస్త్రిగారి పుస్తకమును నేను మూడుమారులు అట్లు నిలిపి వదలితిని. మూడుమారులును వేర్వేరు చోట్ల తెరచుకొన్నది. పుటల అంచులు ఆదికాండము మొదలు ప్రకటన గ్రంథమువరకు ఒకే తీరున నలుపెక్కియున్నవి. గోత్రముల లెక్కలు, కుష్ఠవిధులు గల పుటలు సువార్తల పుటలతో సమానముగ మాసియున్నవి. ఇక్కడ కూర్చున్నవారికి దీని భావము నేను విప్పి చెప్పనక్కరలేదు. టైరు ఒక వైపు మాత్రమే అరిగినచో అలైన్‌మెంటు తప్పినదని పది గజముల దూరమునుండియే పలుకగలవారు మీరు. అన్ని వైపుల సమముగ అరిగిన టైరు, బండి నేరుగ నడచినదనుటకు సాక్ష్యము. సమముగ మాసిన గ్రంథమును గూర్చియే నేటి నా ప్రసంగము.

నిత్యపఠనమనగానే మనము "నిత్యము" అను మాటను పట్టుకొందుము. క్రమశిక్షణను, వేకువజామును, అలారమును తలచుకొందుము. నాకు అంతకంటె ముఖ్యముగ తోచు మాట "వంతు." నేడు నా మనస్సునకు ఏది కావలెనో దానిని వెదకి చదువుట కోరిక, నేడు నాకు ఏది వచ్చినదో దానికి చెవి యొగ్గుట వంతు. కృష్ణాడెల్టాలో ఈ పదమునకు నిఘంటువు చూడనక్కరలేదు. 1855 నాటికి బెజవాడయొద్ద ఆనకట్ట పూర్తియై, 1957లో దాని స్థానమున ప్రకాశం బ్యారేజి నిలిచినది మొదలు నేటివరకు, కాలువ చివరి పొలముగల రైతు నేర్చిన విద్య వంతుకై కాచుకొనుటయే. నీరు ఎద్దడియైన యేట వంతు నడిరేయి వచ్చినను అతడు లాంతరు, పార పుచ్చుకొని గట్టుమీదికి పోవలసినదే. మబ్బు చూచి, మనస్సు చూచి, తీరిక చూచి పోవుదునన్నచో నీరు ప్రక్కవాని మడిలో పారును.

హెబ్రీయుల గ్రంథములో ఈ వంతు అను భావము అరణ్యములోనే పుట్టినది. నిర్గమకాండము పదునారవ అధ్యాయములో ఆకలిగొన్న జనులకు మన్నా కురిసినప్పుడు, ఏ నాటిది ఆ నాడే, మనిషికి ఓమెరు చొప్పున కూర్చుకొనవలెనని నియమము. మరునాటికి దాచినవారి పాత్రలలో అది పురుగుపట్టి కంపుకొట్టెను. విశ్రాంతిదినమునకు ముందునాడు మాత్రమే రెండంతలు కూర్చుకొను సెలవు గలిగెను. నిన్న చదివిన దానితో నేటిని గడుపజూచు భక్తుని స్థితి ఆ దాచిన పాత్ర వంటిది. క్రీస్తు నేర్పిన ప్రార్థనలో ఆహారమునకు చేర్చిన గ్రీకు విశేషణమును మనము "అనుదిన" అని తెలుగు చేసికొన్నాము. ఆ పదము ఇతర గ్రీకు రచనలలో కానరాదనియు, సువార్తికులే దానిని కల్పించియుందురనియు మూడవ శతాబ్దములోనే క్రైస్తవ పండితుడు ఓరిగెను తలచెను. ఒక్క దినమునకు సరిపడు తిండిని అడుగుటకు ఉన్న భాష చాలక క్రొత్త మాట పుట్టింపవలసివచ్చినదన్నచో, మనుష్యునికి అంత కొలిచి అడుగుట ఎంత అలవాటులేని పనియో తెలియుచున్నది.

మన్నా వంతు గ్రంథపు వంతుగ మారిన ఘట్టము నెహెమ్యా గ్రంథము ఎనిమిదవ అధ్యాయములో నున్నది. చెరనుండి తిరిగివచ్చిన జనులు యెరూషలేములో నీటి గుమ్మము ఎదుటి మైదానమున కూడగా, ఎజ్రా కొయ్యపీఠమెక్కి తెల్లవారినది మొదలు మధ్యాహ్నమువరకు ధర్మశాస్త్రమును చదివెను, లేవీయులు జనుల నడుమ నిలిచి అర్థము చెప్పిరి, విన్నవారు ఏడ్చిరి. అప్పుడు వారికి కలిగిన ఆజ్ఞ విచిత్రమైనది: ఏడ్వక, ఇండ్లకు పోయి తిని త్రాగి, తమకొరకు ఏమియు సిద్ధముచేసికొనలేని వారికి వంతులు పంపుడని. విన్న వాక్యమునకు ఫలముగ ఏర్పడిన మొదటి క్రియ ఇరుగింటికి అన్నము పంపుట. వినుటకు ఒక వంతు, పంచుటకు ఒక వంతు. రెండును ఒకే దినపు లెక్కలోనివి.

ఆనాటినుండి యూదుల సమాజమందిరములలో పఠనము క్రమముగ స్థిరపడి, మోషే పంచకాండములు 54 భాగములై, వారమున కొకటి చొప్పున ఏటికొక ఆవృత్తి ముగియుచున్నది. ఆవృత్తి ముగియు పండుగనాడు ద్వితీయోపదేశకాండములోని మోషే మరణమును చదివి, పుస్తకము మూసి నిట్టూర్చుటకు ఎడమీయక, అదే ఆరాధనలో ఆదికాండపు మొదటి మాటలను అందుకొందురు. ఇది ఎక్కడనో దూరదేశపు వార్త యనుకొనవలదు. కృష్ణ దాటి గుంటూరు సీమకు పోయినచో, కొత్తరెడ్డిపాలెమున, బెనె ఎఫ్రాయిము అను పేర తమ్ము ఇశ్రాయేలు సంతతిగ భావించు తెలుగు కుటుంబములు గలవు. మాదిగవాడలోని ఆ కుటుంబములు 1990ల ఆరంభమున చిన్న ప్రార్థనామందిరమును ఏర్పరచుకొని, శనివారమును విశ్రాంతిదినముగ ఆచరించుచున్నవి. వారి వంశకథను గూర్చి చరిత్రకారులు వాదించుకొనవచ్చును. హెబ్రీగ్రంథమును తమదనుకొనుటకు తెలుగుపల్లెలోని శ్రమజీవులు ఎవరి అనుమతికొరకును నిలువలేదన్నది వాదమునకు అందని విషయము.

క్రైస్తవసంఘమున ఈ క్రమము అనేక రూపములు దాల్చినది. మేస్త్రిగారు పట్టుకొన్నది ఆంగ్లికను ప్రార్థనగ్రంథపు క్రమము. 1549లో ఆ గ్రంథమును కూర్చిన క్రాన్మరు పీఠికలో ఒక ఫిర్యాదు చేసెను: కీర్తనలలో కొద్దిపాటివి మాత్రము దినదినము పఠింపబడుచు, మిగిలినవి పూర్తిగ మూలపడినవని. అనగా టైరు ఒక వైపే అరుగుచున్నదని! అందుకాయన చేసిన మరమ్మతు సులభమైనది. 150 కీర్తనలను ముప్పది దినములకు, దినమునకు ఉదయము ఒక భాగము, సాయంకాలము ఒక భాగము చొప్పున పంచివేసెను. నెల తిరిగినచో కీర్తనలన్నియు తిరిగివచ్చును. ఈ షెడ్లలో వెల్డింగు చేయు ముస్లిము సోదరులకు ఈ లెక్క వింతగ తోచదు. వారి ఖురాను సైతము పారాయణమునకై ముప్పది భాగములుగనే విభజింపబడియున్నది. సుందరకాండను, భాగవతమును నియమముగ పారాయణము చేయు తల్లుల యిండ్లలో పెరిగినవారికిని వంతు అను మాట పరాయిది కాదు.

ఆ క్రమము కృష్ణాతీరమునకు 1841లో చేరెను. ఆ యేట రాబర్టు నోబిలును, హెన్రీ ఫాక్సును చర్చి మిషనరీ సంఘము పక్షమున మచిలీపట్నమున దిగిరి. 1843లో నోబిలు స్థాపించిన పాఠశాల పిమ్మట ఆయన పేర కళాశాలగ వెలసినది. 1859లో రాఘవాపురమునకు చెందిన పాగోలు వెంకయ్య బెజవాడలోని డార్లింగు దొరవలన బాప్తిస్మము పొందుటతో, పట్నపు పాఠశాలలో నిలిచిన నీరు మాలవాడల కాలువలకు మళ్లినది. గ్రంథము చేతికి రాకమునుపే వెంకయ్య, తానెరుగని దేవుని, కనబడుమని బహుకాలము ప్రార్థించెనని చెప్పుదురు. 1912 డిసెంబరు 29న దోర్నకల్ పీఠమునకు అభిషిక్తుడై, ఆంగ్లికను సంఘమున ప్రథమ భారతీయ బిషప్పైన అజరయ్య, తమిళదేశమునుండి వచ్చి తెలుగు నేర్చి, అక్షరమెరుగని సంఘములనడుమ తిరిగెను. అట్టి పల్లెలలో కూలిజనము పొలమునుండి మరలి, కూడు వండుకొని, దీపము చుట్టు చేరినపిమ్మటనే ప్రార్థన. చదువు తరతరములుగ నిషిద్ధమైన వాడలలోనికి గ్రంథము చెవిద్వారమున ప్రవేశించినది.

మేస్త్రిగారి తల్లి అట్టి పల్లెలోని మనిషి. ఆమెకు అక్షరములు రావు. ఉపదేశి చదువగ వినివిని నెలలోని కీర్తనలు ఏ దినమున కేవియో ఆమె మనస్సున నాటుకొన్నవి. ఇంటిలో తారీకు తెలియక ఎవరైన తడబడినచో, రాత్రి చదివిన కీర్తన ఏదని అడిగి, దానినిబట్టి తారీకు చెప్పెడిదట. క్యాలెండరు ఆమెకు గోడమీద లేదు, చెవిలో నున్నది.

ఆ తల్లి వినిన తెలుగు గ్రంథము కూడ వంతులవారీగనే మనకు దక్కినదని మరువరాదు. పదునెనిమిదవ శతాబ్దపు మొదటి భాగముననే బెంజమిను షుల్జు తెలుగులోనికి చేసిన అనువాదము అచ్చునకు నోచుకొనలేదు. 1805లో విశాఖపట్నమున దిగిన క్రాను, డిగ్రాంజిసు అను ఇరువురు మిషనరీలు ఆనందరాయరు అను బ్రాహ్మణుని తోడ్పాటుతో పని ప్రారంభించిరి. 1809లో క్రాను, 1810లో డిగ్రాంజిసు గతించిరి. వారు తెలిగించిన సువార్తలు 1812లో సీరాంపూరున అచ్చుపడినవి. 1818లో క్రొత్త నిబంధన వచ్చినది. సమగ్ర గ్రంథమునకై 1854వరకు వేచియుండవలసివచ్చెను. సువార్తలను తెలిగించినవారు అచ్చుపుట చూడలేదు. మనము రెప్పపాటులో తిప్పు పుటలకు వెనుక, పొలము చేరని నీటికై కాలువ త్రవ్విన చేతులున్నవి.

ఇక మేస్త్రిగారు వంతును ఎట్లు గ్రహించిరో నేను కన్నులార చూచిన ఒక సాయంకాలమును విన్నవించెదను. నేనప్పుడు కళాశాల విద్యార్థిని. మా మేనమామ బాడీషెడ్డు ఆయన షెడ్డునకు ప్రక్కది. ఒకనాడు క్రేనుతో లాగుకొని వచ్చి ఒక లారీని ఆ రెండు షెడ్ల నడుమ దింపిరి. క్యాబిను ఎడమవైపు నలిగి లోనికి కుంగియున్నది, స్టీరింగు సీటునంటుకొన్నది, క్లచ్చి క్రింద ఒక చెప్పు మాత్రము చిక్కుకొనియున్నది. అయినను నొసట పెయింటరు పసుపు, ఎరుపు రంగులతో తీర్చిన అక్షరములు చెక్కుచెదరలేదు. అవి కాపరిని గూర్చిన 23వ కీర్తనలోని తొలి మాటలు. మనవారి లారీలమీద ఎన్ని నొసళ్లపై ఆ మాటలు కనబడునో మీరెరుగుదురు. క్లీనరు కుర్రవాడు బ్రతికి వచ్చి, ఆ అక్షరములక్రింద మట్టిలో కూర్చుండి, ఎవరు పలుకరించినను పలుకకుండెను.

ఆ నాడు నాలుగవ తారీకు. సాయంకాలపు వంతు 22, 23 కీర్తనలు. షట్టరు దింపువేళ మేస్త్రిగారు పుస్తకము తీయగా, మా మామ నెమ్మదిగ, నేటికి ఆ కాపరి కీర్తన యొక్కటి చదివి ముగింపుమనిరి. మేస్త్రిగారు తల అడ్డముగ ఊపి 22తో మొదలుపెట్టిరి. అది విడువబడినవాని ఆక్రందనతో తెరచుకొను కీర్తన. సిలువపై క్రీస్తు నోట పలికినది దాని మొదటి మాటయే. ఎముకలు కీళ్లు తప్పుట, నాలుక అంగిటికి అంటుకొనుట, చుట్టునున్నవారు వస్త్రములకై చీట్లు వేయుట ఇవన్నియు అందు వచ్చును. ఆయన తొందరపడక, ఏడ్పుగొంతు పెట్టక, కొలతలు చదువునట్లు చదివిరి. సగము జరుగువేళకు క్లీనరు కుర్రవాడు తల యెత్తెను. అటుపిమ్మట 23 వచ్చినప్పుడు, ఆ చిన్న కీర్తన నొసటి పెయింటువలె వినబడలేదు. లోయగుండ నడచి వచ్చినవాడు చెప్పిన మాటవలె వినబడినది. కాపరి మాట నిజమగుటకు ముందు ఆ ఆక్రందన మాట నిజమని ఒప్పుకొనవలెనని నాకు ఆ సాయంకాలము తెలిసినది. గ్రంథమును కూర్చినవారు ఆ రెంటిని ప్రక్కప్రక్క నిలిపిరి. ప్రార్థనగ్రంథము వానిని ఒకే పూటకు కేటాయించెను. మనము వేరుచేసి, ఒకటి నొసట వ్రాసికొని, రెండవదానిని పుస్తకములో విడిచితిమి.

వంతు చదువువానికి ఇట్టి అనుభవము నెలనెలకును తప్పదు. 15వ తారీకు సాయంకాలము ఒక్క 78వ కీర్తనయే వచ్చును. డెబ్బదికి మించిన వాక్యములలో పూర్వుల మరపునంతయు ఏకరువు పెట్టును. పని అలసటతో నున్నవానికి అది గడ్డు సాయంకాలము. 28వ తారీకు సాయంకాలము 137 వచ్చును. బబులోను నదులయొద్ద కూర్చున్న ప్రవాసుల కన్నీటితో మొదలై, శత్రువుల పసిపిల్లలను గూర్చి వినరాని శాపముతో ముగియును. ఇట్టి వాక్యములను 1928లో ఇంగ్లండున సవరించిన ప్రార్థనగ్రంథము కుండలీకరణములలో నుంచెను. కతోలిక సంఘము నిత్యప్రార్థనక్రమమును సంస్కరించినప్పుడు 58, 83, 109 కీర్తనలను వదలివేసెను. ఆ నిర్ణయములయందలి దయను నేను కాదనను. మేస్త్రిగారు మాత్రము ఆ వాక్యమును చదివి, పుస్తకము మూయక, కొంతసేపు ఊరకుండెడివారు. ఒకనాడు కారణమడుగగా, దెబ్బతిన్నవాడు ఏమనునో దేవుడు విననిచ్చెను, మనము విన్నచో తప్పేమి యనిరి. ఆ వాక్యమును ఆచరణవిధిగ చదువుట ఘోరము. గాయపడినవాడు తన కసిని కత్తికి కాక దేవునికి అప్పగించిన వాంగ్మూలముగ వినుట వేరు. ఆ భేదము ఆ నిశ్శబ్దములో నున్నది.

దినవాక్యమునకు వేరు దారులును గలవు. జర్మనీలోని హెర్న్‌హుట్ గ్రామమున 1728లో జిన్‌జెండార్ఫు ప్రభువు సంఘమునకు ప్రతిదినము నొక వాక్యము ఇచ్చు ఆచారము ప్రారంభించగా, 1731నుండి అది పుస్తకరూపమున ఏటేట అచ్చగుచున్నది. అందలి పాత నిబంధన వాక్యమును చీటి తీసి నిర్ణయింతురు. మన సంఘములలో డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పళ్లెమునుండి తీయు వాగ్దానపు కార్డు దానికి జ్ఞాతి. అందును మన ఎంపిక లేదు, అది మంచిదే. అయితే పళ్లెములో వాగ్దానములే యుంచి, హెచ్చరికలను, ప్రశ్నలను ముందే ఏరివేసినవారు మనమే గదా! కాలువకు నీరు వదలునప్పుడే వండ్రు వడగట్టిన తీరిది. నీరు తేటగ నుండును, పొలమునకు బలము రాదు. తెలుగిండ్లలో ఎంతయో ప్రీతిపాత్రమైన "ఎడారిలో సెలయేర్లు" అను దినధ్యానగ్రంథము ఇందుకు లోబడక నిలిచినదన్నచో కారణమున్నది. 1925లో దాని మూలమును కూర్చిన కౌమను దొరసాని ఆరేండ్లు రోగియైన భర్త మంచముప్రక్క గడపినది. ఎడారి యెరిగిన చేయి కూర్చినది గనుకనే సెలయేరు నమ్మదగినదైనది.

వంతు చదువునకు ప్రమాదములు లేవా? కలవు. 1842 డిసెంబరున స్కాట్లండులోని డండీ నగరమున మెక్‌చెయిను అను యువబోధకుడు తన సంఘమునకు ఏడాది పఠనపట్టిక నొకటి కూర్చి, అందులోనే దాని అపాయములను పేర్కొనెను: చదువు ఆచారమాత్రమగుట, ముగించితినను గర్వము, అశ్రద్ధ, మోయలేని కాడియగుట. నేటికిని దేశదేశములలో వాడుకలోనున్న పట్టిక అది. దానిని కూర్చినవాడు 1843 మార్చిలో, ఇరువదితొమ్మిదవ యేట, జ్వరముచే మరణించెను; మొదటి ఆవృత్తి ముగింపలేదు. ఇందు విషాదమున్నది, విషాదముతోకూడ ఒక విడుదలయు నున్నది. ముగించుట మన చేతిలోని పని కాదు. పనిగంట మ్రోగువరకు చేతిలోనున్న పీసును సరిగ త్రిప్పుటయే లేతువాని ధర్మము. షెడ్డులోని ఇనుమంతయు త్రిప్పుట కాదు. ఒకనాడు వంతు తప్పినచో మేస్త్రిగారు తప్పినదానిని కూడబెట్టి మరునాడు చదివెడివారు కారు. నిన్నటి నీరు సముద్రములో కలిసినదని, నేటి తారీకు తెరచెడివారు.

ఆయన ఒక 16వ తారీకు రాత్రి నిద్రలో కన్నుమూసిరి. మరునాటి ఉదయము వార్త తెలియకముందే యథాప్రకారము షెడ్డు తెరచిన పనికుర్రవాడు, క్రైస్తవుడు కాడు, దుర్గమ్మ కొండక్రింది పేటవాడు, విషయము విని యేమి చేయుటయు తోచక, పుస్తకము తీసి గుర్తుగ పెట్టిన గ్యాస్కెట్టు ముక్కయొద్ద తెరచెను. 17వ తారీకు ఉదయపు వంతు 86, 87, 88. దుఃఖితుల కొరకు ఎవరైన ఏరి పెట్టినచో 88ని పెట్టరు. కీర్తనలన్నింటిలో ఆశాకిరణము లేక ముగియునది అదియే. హెబ్రీలో దాని కడపటి మాట చీకటి. ప్రక్క షెడ్లవారు గుమికూడి నిలిచియుండగా, ఆ కుర్రవాడు తడబడుచు, గుణింతము కూడబలుకుకొనుచు, ఆ చీకటివరకు చదివి ఆపెను. ఓదార్చుటకు ఎవరును తొందరపడలేదు. ఆ ఉదయమునకు సరిపడు మాట అదియేనని అందరికిని తోచినది; దానిని ఏ మనుష్యుడును ఎంచలేదు.

సాయంకాలము సమాధికార్యము ముగిసినపిమ్మట అందరును తిరిగి షెడ్డునకు వచ్చిరి. షట్టరు సగము ఎత్తిరి, లైటు వేసిరి. 89వ కీర్తన మిగిలియున్నది. ఉదయమున చీకటితో ముగిసిన పుటకు ప్రక్కపుటనే, కృపను తరతరములకు పాడెదనను తీర్మానముతో మొదలగునది. కుర్రవాడు చేతులు తుడుచుకొనుటకు వేస్టుకై వెదకి, కానక, అట్లే పుట త్రిప్పెను. నేను చూచిన ఆ నల్లని అంచులలో ఒక వ్రేలిముద్ర ఆయనది కాదు.